మా తాత తిత్తి, సాయిబు పెట్టె

నా చిన్నప్పుడు ఇంట్లో నాకు అప్పగించిన పని ఒక మేకతోలు ఎండిపోకుండా చూడడం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డతో తుడవాలి. తడి ఎక్కువైతే తోలు సాగి మెత్తబడుతుంది, గాలి ఒత్తిడిని నిలపలేదు. తక్కువైతే బిగుసుకుపోయి, కట్టిన ముడుల దగ్గర గాలి వదిలేస్తుంది. ఎంత తడి సరిపోతుందో చెప్పడానికి మా తాత దగ్గర కొలత లేదు. నా చెంపకు తోలును ఆనించి, "ఇంత సల్లగుండల్ల" అనేవాడు. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ముప్పయ్యేళ్లకు పైగా కరెంటు మీటర్లను పరీక్షించే ఉద్యోగం చేశాను. నాకు తెలిసిన మొదటి కొలత మాత్రం అదే.

ఆ తోలే తిత్తి. పొట్ట చీల్చకుండా, చొక్కా విప్పినట్టు మేక తోలంతా ఒక్కటిగా ఊడదీస్తారు. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్కతో పదును చేస్తారు. వెనక కాళ్లు, మెడ బిగించి కట్టి ముడుల మీద మైనం మెత్తుతారు. ముందరి కాళ్లలో ఒకదానికి ఊదే గొట్టం, రెండోదానికి పలికే గొట్టం. పలికే గొట్టం లోపల సన్నని వెదురు నాలుక ఉంటుంది. దానికి మినపగింజలో సగమంత మైనం తగిలిస్తే శ్రుతి దిగుతుంది, గోటితో గీకితే ఎక్కుతుంది. వాయించేవాడు సంచినిండా గాలి ఊది, చంకలో పెట్టుకుని మోచేత్తో నొక్కుతాడు. అతను ఊపిరి తీసుకునేటప్పుడు కూడా శబ్దం తెగదు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఉంది. నేను ఉద్యోగం ముగించి కల్లూరులో ఉంటున్నాను. మొన్న మా వీధి చివరి ఇంటి అమ్మాయి ఫోనులో ఒక దృశ్యం చూపించింది. ఫ్రాన్సు దేశపు పడమటి కొసన బ్రెటన్లనే జనం ఉన్నారు. వాళ్ల తిత్తిని బినియు అంటారు. ఒకాయన సన్నాయి లాంటి వాద్యంతో ఒక చరణం వాయించి ఆపుతాడు, పక్కన నిలబడ్డ తిత్తి ఆయన అదే చరణాన్ని అందుకుంటాడు. చుట్టూ ఊరంతా చేతులు పట్టుకుని ఆడుతోంది. ఒకప్పుడు అక్కడా ఇది మరుగున పడబోయిందట, పట్టుబట్టి మళ్లీ నేర్చుకున్నారట. పిల్లలు కూడా వాయిస్తున్నారు. ఆ అమ్మాయి ముచ్చటపడి, "ఎంత బాగుండాదో చూడు పెద్దమ్మా, మన పక్క ఇట్లాంటివి యాడా లేవంట గదా" అంది.

నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. లేవని ఆమెకు చెప్పినవాళ్ల మీద, లేకుండా చేసినవాళ్ల మీద. ఎలా లేకుండా పోయిందో ఒక ఊరి వరకు నేను కళ్లారా చూశాను. అందులో నా చెయ్యి కూడా ఉంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. నాపరాయి గోడల ఇళ్లు, శనగ, జొన్న పొలాలు. మేము చర్చికి పోయే కుటుంబం, రెక్కల మీద బతికేవాళ్లం. ఊళ్లోని పొలాల్లో సగానికి పైగా ఒక్క ఆసామివి. శనగ పీకుడు మొదలైతే మా వాడలోని అందరూ ఆయన చేలలోనే ఉండేవాళ్లు. ఊళ్లో చెక్కభజన జట్టు ఒకటి ఉండేది. పద్నాలుగు మంది కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలతో వలయంగా తిరుగుతూ రాముడి పాటలు పాడేవారు. భజన గురువు ఒక చరణం పాడితే మిగతావాళ్లు అందుకునేవారు. వాళ్లందరి గొంతుల కింద నేలలాగా పరుచుకుని ఉండేది మా తాత తిత్తి శ్రుతి. మా చర్చిలో ఇద్దరు ముగ్గురు పెద్దలకు ఇది నచ్చేది కాదు. వాళ్లు అడిగినప్పుడు మా తాత, "పాట వాళ్లది, గాలి దేవునిది, తోలు మేకది. దీంట్లో నాదేముండాదప్పా?" అనేవాడు. వాళ్లు నవ్వి ఊరుకునేవారు.

భజనకు ముందు ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం భజన గురువు వచ్చి మా తాత పక్కన కూర్చునేవాడు. "ఈ పొద్దు గొంతు యాడుండాది?" అని మా తాత అడిగేవాడు. గురువు ఒక్క స్వరం పట్టేవాడు. మనిషి గొంతు రోజూ ఒకే చోట ఉండదు. ఎండలో తిరిగిన రోజు ఒకచోట, పడిశం పట్టిన రోజు మరొకచోట ఉంటుంది. మా తాత ఆ రోజు గొంతు ఎక్కడుంటే అక్కడికి తిత్తిని తెచ్చేవాడు. మైనం తగిలించేవాడు, వినేవాడు, గీకేవాడు, మళ్లీ వినేవాడు. ఆ పనికి పావుగంట పట్టేది. పాడేవాడికి వాద్యం లొంగాలి తప్ప వాద్యానికి పాడేవాడు లొంగకూడదన్నది మా తాత లెక్క.

నాకు పదేళ్ల వయసులో, ఊరి తిరునాళ్లకు ఆసామి కోయిలకుంట్ల నుంచి హార్మోనియం వాయించే సాయిబును పిలిపించాడు. పక్క ఊరి భజనలో హార్మోనియం ఉందట, మన ఊళ్లో లేకపోతే పరువు తక్కువట. సాయిబు సన్నని మనిషి, దగ్గుతూ ఉండేవాడు. పెట్టెను నెత్తిన మోసుకుని నడిచే వచ్చాడు. బడి వరండాలో దించి, పైకప్పిన పచ్చగుడ్డ తీసి మడిచి, చేత్తో దుమ్ము తుడిచాడు. భజన సాయంత్రం ఎండ తగ్గాక. మధ్యాహ్నం మా తాత ఎప్పటిలా గురువు కోసం తిత్తితో వచ్చి వరండా మెట్టు దగ్గర కూర్చున్నాడు. నేను తడిగుడ్డ పట్టుకుని పక్కనే ఉన్నాను.

ఆసామి వచ్చి చూశాడు. ఆయన గొంతు పెంచలేదు. అది నాకు ఇంకా బాగా గుర్తుంది.

"ఏరా, పెట్టె వచ్చినాది గదా, ఇంకా ఈ మేకతోలు కంపెందుకు ఈడ? ఊదల్లంటే ఆ బండ్ల కాడ నిలబడి ఊదుకో పో. ఎద్దులు వింటాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భజన గురువు నవ్వలేదు, కానీ నేల చూశాడు. మా తాత లేచాడు. తిత్తిలో ఉన్న గాలిని నెమ్మదిగా వదిలేసి, మడిచి, చంకన పెట్టుకుని బండ్ల వైపు నడిచాడు. ఒక్క మాట అనలేదు. నాకు ఆసామి మీద వచ్చిన కోపం కంటే ఆ మౌనం మీద వచ్చిన కోపమే ఎక్కువ. "ఏం తాతా, ఏమీ అనవా?" అంటే, "నువ్వు తోలు తడుపు మే. ఎండ శానా ఉండాది" అన్నాడు.

భోజనాల వేళ జట్టుకు బడి వెనక పంక్తి వేశారు. మాకు బండ్ల నీడన పెట్టారు. సాయిబును పంక్తి చివర కూర్చోబెట్టారు. వరండాలో ఎవరూ లేరు. బడి కంచెకు తుమ్మకంప వేసి ఉంది. నేను వేలెడంత ముల్లు విరుచుకుని వరండా ఎక్కాను. హార్మోనియం వెనక పక్కన చేత్తో తెరిచి మూసే తిత్తి ఉంటుంది, మడతలు మడతలుగా. గాలి నింపేది అదే. ఎక్కడ గుచ్చితే ఎక్కువ నష్టమో నాకు తెలుసు, ఎందుకంటే గాలి నిలిచే తోలుతో పెరిగినదాన్ని. మడత మధ్యలో కాదు, మడత విరిగే గీత మీద. అక్కడ ఏడుసార్లు గుచ్చాను. ఆరోసారి ముల్లు కొన విరిగి లోపలే ఉండిపోయింది, ఏడోది మిగిలిన మొండితో కాస్త ఎడంగా గుచ్చాను. దిగి వచ్చి బండి కింద కూర్చుని, మిగిలిన అన్నం తిన్నాను.  ఆసామికి తగిన శాస్తి జరిగిందని గట్టిగా నమ్మాను.

ఎండ వాలాక జట్టు గజ్జెలు కట్టింది. సాయిబు పెట్టె ముందు కూర్చుని నాలుగుసార్లు తిత్తిని ఆడించాడు. దగ్గరగా ఉన్న ఆరు చిల్లులూ కలిసి రెండంగుళాల చీలిక అయింది. ముసలి గేదె నిట్టూర్చినట్టు ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. తిరునాళ్లకు వచ్చిన పక్క ఊళ్ల జనం ముందు ఆసామి ముఖం నల్లబడింది. అంతవరకు నేను కోరుకున్నదే జరిగింది. ఆ తర్వాతది నేను ఊహించలేదు.

"పగిలిన పెట్టె మోసుకొచ్చి ఊరి పరువు తీస్తాండావా?" అన్నాడు ఆసామి. "ఇంతమందిలో భుజం మీద తువ్వాలేసుకోని నిలబడినావే, సిగ్గులే? దించు."

సాయిబు తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. "పొద్దున బాగుండె సామీ, అల్లా సాక్షి. మా నాయన పెట్టె ఇది. దీంతోనే నా పిల్లోళ్లు తింటాండారు. నేనెందుకు పగలగొట్టుకుంటా సామీ?" అంటూ దగ్గు మొదలై, మాట ఆగి, మళ్లీ అవే మాటలు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆసామి వినలేదు. ఇకమీదట ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడుగుపెట్టినా కాళ్లు విరగ్గొట్టిస్తానన్నాడు. కొందరు మళ్లీ నవ్వారు. మధ్యాహ్నం మా తాతను చూసి నవ్వినవాళ్లే.

మా తాత జనాన్ని దాటుకుని వరండా ఎక్కాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. హార్మోనియం తిత్తిని విప్పి పట్టుకుని చూపుడువేలుతో గీత వెంబడి తడిమాడు. ఒకచోట ఆగి, గోటితో ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ముల్లు కొన. తర్వాత తల ఎత్తి జనంలో నన్ను వెతికాడు. చూపులు కలిశాయి. నన్ను దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా ఒక్కటే అడిగాడు.

"ఎన్ని?"

"ఏడు."

"నాకు ఆరే తెలుస్తాండాయి. ఏడోది యాడ?"

నేను చూపించాను. ఆయన తల ఊపాడు. తప్పు చేసినదాన్ని తిట్టకుండా, తప్పును పూర్తిగా లెక్కపెట్టించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ చీలికను మూయడానికి పల్చగా, మెత్తగా, వెయ్యిసార్లు మడిచినా పగలని తోలు కావాలి. గుడ్డ గాలిని నిలపదు. చెప్పుల తోలు మడత పడదు. మా తాత తన తిత్తిని ఒళ్లో పరిచి, మెడ దగ్గర ముడికి అవతల మిగిలిన తోలును వేళ్లతో నలిపి చూశాడు. మందంగా ఉంది, పనికిరాదు. పొట్ట దగ్గరిది ఒక్కటే పనికొస్తుంది. సాయిబుకు అర్థమై, చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు పెద్దాయనా. నీది పోతుంది." మా తాత, "గాలి నిలిచే తోలు ఈ ఊర్లో ఇదొకటే ఉండాది నాయనా" అని, చెయ్యి విడిపించుకుని, పొట్ట దగ్గర నాలుగు వేళ్ల వెడల్పు ముక్కను కత్తితో కోశాడు. తుమ్మబంక నీళ్లలో కరిగించి అంటించాడు. అంచుల్ని గోరుతో నొక్కాడు. ఆరడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ మా తాత, సాయిబు ఇద్దరూ ఆ మడతను చెరో పక్క వేళ్లతో అదిమి పట్టుకుని కూర్చున్నారు. 

భజన జరిగింది. హార్మోనియం పలికింది. అయితే దాని మీద వేళ్లతో నొక్కే మెట్ల స్వరాలు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. ఆ రోజు గురువు గొంతు రెండు మెట్ల మధ్యన ఉంది. కింది మెట్టుకు దిగితే గొంతులో బలం లేదు, పై మెట్టుకు ఎక్కాడు. మూడో పాటలో గొంతు చీలింది. వినేవాళ్లు గమనించలేదు. మా తాత గమనించాడు, నేను గమనించాను. ఆసామి చేతులు నడుముకు ఆనించి నిలబడి, "చూస్తిరా, తిత్తి లేకుంటే ఏం తక్కువైంది?" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఆసామి గెలిచాడు. గెలిపించినది నేను. పొట్ట కోసిన తిత్తి వరండా మెట్టు మీద చదునుగా పడి ఉంది.

అప్పుడు మా తాత నా చెయ్యి పట్టుకుని జనం మధ్యకు, ఆసామి ముందుకు నడిచాడు. ఇంకా పొద్దుంది, అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి. మా తాత తువ్వాలు భుజం మీదే ఉంది. దించలేదు. నా వైపు తిరిగి, "చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. ముల్లు ఎక్కడ విరిచానో, ఎన్నిసార్లు గుచ్చానో, ఎప్పుడో. గొంతు నాకే వినపడనంత చిన్నగా మొదలై, చివరికి అందరికీ వినపడింది.

"ఇది నా మనవరాలు చేసిన తప్పు. దాన్ని నా తోలుతో మూసినా" అన్నాడు మా తాత. గొంతు పెంచలేదు. ఆసామి గొంతు ఎంత ఉంటుందో అంతే. "సాయిబుది తప్పు లేదు. ఇంతమందిలో తువ్వాలు దించమన్నావు సామీ, ఇంతమందిలోనే ఏసుకోమని చెప్పల్ల. ఇంగ నన్ను ఎద్దుల కాడికి పొమ్మన్న మాట. అది నాకూ నీకూ మధ్యన ఉండాది. నీ బతుకున్నంతకాలం ఉంటాది. ఈ ఊరి భజనకు నేను మళ్లా ఊదను."

నేను ఆయన కోపాన్ని మొదటిసారి చూసింది అప్పుడే. బండ్ల దగ్గరికి నడిచినప్పుడూ అది ఉందనీ, అంతే ఉందనీ అప్పటికి గాని నాకు తెలియలేదు. మోచేయి కింద సంచిలో గాలి ఉన్నట్టు, ఎక్కడా కారకుండా ఉంది.

ఆసామి చుట్టూ చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన సాయిబును తువ్వాలు వేసుకోమనలేదు కూడా. సాయిబే విప్పి భుజం మీద వేసుకున్నాడు, పెట్టెను పచ్చగుడ్డలో చుట్టి నెత్తికెత్తుకున్నాడు, మా తాతకు సలాం చేసి కోయిలకుంట్ల దారి పట్టాడు. నేను సాయిబు కాళ్లకు అడ్డంపడి క్షమించమన్నాను. ఆయన ఒక చేత్తో పెట్టెను పట్టుకుని, రెండో చెయ్యి నా తల మీద పెట్టి, "ఏడు గుచ్చినావా బేటీ? గురి బాగుండాది నీకు" అన్నాడు. అది ఎగతాళో, క్షమించడమో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంటికి పోయే దారిలో నేను, "నీకు కోపమే రాలేదనుకుంటి తాతా" అన్నాను. ఆయన ఆ రోజుకు ఎక్కువసేపు మాట్లాడింది అప్పుడే. "నీ కోపం తప్పని నేనంటానా? నాకూ ఉండాది, నీకంటే ఎక్కువ. కానీ ఆ పెట్టెలో ఆసామి ఊపిరి లేదు మే. ఆయన ఊరికే పిలిపించినాడు. చెయ్యి ఆడించి గాలి నింపేది సాయిబు. గుచ్చేముందు ఆ తిత్తిలో ఎవరి ఊపిరి ఉండాదో చూడల్ల." కాసేపు నడిచాక, "చూసినంక, ఆ మనిషి ముందరికి పోయి నిలబడల్ల. దొంగగా కాదు" అన్నాడు.

ఆ ఏడాది శనగ పీకుడుకు మా ఇంటివాళ్లెవరినీ ఆసామి చేలోకి రానివ్వలేదు. మా అమ్మ, అవ్వ తెల్లవారుజామునే లేచి మూడు మైళ్ల దూరం నడిచి పరాయి ఊరి చేలకు పోయేవారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ల మడమల పగుళ్లు చూస్తూ పెరిగాను. మా తాత మరో మేకతోలు పదును చేశాడు, కానీ ఆ తిత్తిని మా వాడ దాటించలేదు. చర్చిలో ఆదివారం పాటలకు ఊదుతానంటే, మొదట అభ్యంతరం చెప్పిన పెద్దలే తర్వాత అలవాటుపడ్డారు. భజన జట్టు ఆసామి తెప్పించిన వేరే హార్మోనియంతో రెండేళ్లు లాగింది, గురువు గొంతు పూర్తిగా పోయింది, జట్టు చెదిరింది. మా తాత పోయాక ఆ తిత్తిని నేను తడపలేకపోయాను. అప్పటికి కర్నూలులో చదువుకుంటున్నాను. సెలవులకు వచ్చేసరికి తోలు ఎండి, చేత్తో పట్టుకుంటే ఎండుటాకులా విరిగింది. మా ఊళ్లో తిత్తి లేకుండా పోయిన వైనం ఇదీ. కాలం మారింది, అభిరుచులు మారాయి అని ఎవరైనా మెత్తగా చెబితే నేను ఒప్పుకోను. ఫలానా మధ్యాహ్నం ఫలానా మనిషి ఎద్దుల దగ్గరికి పొమ్మన్నాడు. ఇంకా ఎన్నో ఊళ్లలో వేరే మధ్యాహ్నాలు, వేరే మనుషులు ఉండే ఉంటారు.

ఉద్యోగంలో ఒకసారి ఒక విడత మీటర్లు తప్పుగా తిరిగాయి. జనం గొడవ చేశారు. పైవాళ్లు ఇళ్లకు తిరిగి బిగించిన కుర్ర లైన్‌మన్ మీద తప్పు వేసి, నివేదికలో సంతకం పెట్టమన్నారు. నేను పద్దెనిమిది మీటర్లు విప్పి చూశాను. బిగింపులో దోషం లేదు, కొనేటప్పుడే పరీక్ష ఎగ్గొట్టారు. ఎగ్గొట్టమని ఆదేశించిన అధికారి పేరు నివేదికలో రాశాను. ఆకాశరామన్న ఉత్తరం రాసే అవకాశం ఉన్నా రాయలేదు. నివేదికను నా చేత్తో తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టి, చదివేదాకా ఎదురుగా నిలబడ్డాను. నన్ను ఆదోనికి బదిలీ చేశారు. లైన్‌మన్ ఉద్యోగం నిలిచింది.

వయసు పైబడితే కోపం తగ్గించుకోవాలని డాక్టరు చెబుతుంది, మా పాస్టరు చెబుతాడు, పిల్లలు చెబుతారు. వాళ్లు చెప్పింది శ్రద్ధగా వింటాను. మా తాత నాకు కోపం తగ్గించుకోవడం నేర్పలేదు. కోపం వచ్చినప్పుడు, అది తగలబోయేది ఎవరికని ఒకసారి చూస్తాను. రెండోసారి సరిచూసుకుంటాను. సరిచూసుకున్నాక మాత్రం తగ్గను.